ముందు డ్యూటీ అడుగు

పేషెంటు వచ్చి బల్ల మీద కూర్చోగానే నొప్పి ఎక్కడ అని అడగకు. ఏం డ్యూటీ అని అడుగు. బిలాస్‌పూర్‌లో చాలామంది దగ్గర ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు ఉంటుంది. కీమేను, లోకో పైలట్, పాయింట్స్‌మేను, వ్యాగన్ల కింద దూరే ఫిట్టరు. ఆ ముక్క వింటే చాలు, నడుము ఎంతసేపు వంగి ఉంటుందో, మోకాలు ఎంతవరకు మడవాలో, రాత్రి నిద్ర ఎన్నిసార్లు తెగుతుందో సగం తెలిసిపోతుంది. ఆడవాళ్ళు "డ్యూటీ ఏం లేదు, ఇంట్లోనే" అంటారు. అక్కడ ఆగిపోకు. పొయ్యి గట్టు మీదుందా నేల మీదుందా, నీళ్ళు ఎన్ని మెట్లు మోయాలి, చంటిపిల్లని ఏ చంకన ఎత్తుకుంటారు అని అడుగు. ఇంటిపనంత మెలికలు తిప్పే డ్యూటీ రైల్వేలో కూడా లేదు.

రైల్వే మనిషైతే ఇంకో ప్రశ్న ఉంది. సిక్‌లో ఉన్నారా, నడుస్తున్నారా? సిక్‌లో ఉంటే రైల్వే డాక్టరు ఫిట్ ఇస్తేనే మళ్ళీ డ్యూటీ. లోకో పైలట్‌ది ఏ-వన్ మెడికల్ కేటగిరీ. అందులో నిలవకపోతే డీకేటగిరైజ్ చేసి ఇంకో పనిలో వేస్తారు. ఇంజను నడిపిన మనిషికి ఆఫీసు కుర్చీ అంటే ఎంత భయమో ఇక్కడ పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే కొందరు నొప్పి దాస్తారు, కొందరు ఫిట్ వాయిదా పడాలని రెండింతలు చేసి చెబుతారు. పదికి ఎంత నొప్పి అని అడిగి ఆ అంకె రాసుకో, కానీ ఆ మనిషి ఏ కాగితం కోసం ఎదురుచూస్తున్నాడో పక్కనే రాసుకో. రెండూ కలిపి చదివితేనే అర్థం.

నా క్లినిక్ తెలిపారాలో ఒక మందుల షాపు మీద మేడ గది. మోకాళ్ళ నొప్పులవాళ్ళని మెట్లెక్కించే ఫిజియోథెరపిస్టు అని ఊళ్ళో నా మీద జోకులున్నాయి. కింద గది అద్దె అప్పట్లో నా వల్ల కాలేదు, తర్వాత ఈ మెట్లే నాకు పరీక్ష గది అయిపోయాయి. మనిషి పైకి వచ్చేలోపే తలుపు దగ్గర నిలబడి చూడు. రెయిలింగు ఏ చేత్తో పట్టుకున్నారు, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ కలుపుతున్నారా, ఆయాసం ఎక్కడ మొదలైంది? వెళ్ళేటప్పుడు వాళ్ళకి నేర్పే మొదటి పాఠం కూడా అక్కడే. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

మా తాతగారు పలాస వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో గ్యాంగు పనికి వచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్ర మనుషులకి ఛత్తీస్‌గఢ్ పొరుగూరు లెక్క అయిపోయింది. ఆ తరం వాళ్ళ పిల్లలు, మనవలు ఇక్కడే ఉండిపోయారు. 2003లో బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి హెడ్‌క్వార్టర్స్ అయ్యేనాటికి మా నాన్న కీమేనుగా రిటైరవడానికి దగ్గర పడ్డారు. చదువుకి నన్ను విశాఖ పంపారు. అప్పుడు అక్కడ పోలియో కాళ్ళతో వచ్చే పిల్లలు చాలామంది. ఎస్.వి. ఆదినారాయణరావుగారు చేసిన పోలియో ఆపరేషన్ల గురించి మా క్లాసులో తెలియనివాళ్ళు లేరు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. సర్జన్ పని థియేటర్‌లో అయిపోతుంది, కట్టు విప్పాక నెలల తరబడి ఆ కాలు పక్కన కూర్చునేది మనం. నాకు పని నేర్పిన మేడమ్ పిల్లల చేత కాలు ఎత్తించే పద్ధతి చూస్తే నవ్వొచ్చేది. గోడ మీద బొగ్గుతో గీత గీసి, బొటనవేలితో దాన్ని చెరిపేయమనేవారు. మర్నాటికి గీత ఒక అంగుళం పైకి జరిగేది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది. ఆ పిల్లలు రావడం ఆగిపోయింది, మేడమ్ గీత మాత్రం ఇప్పుడు పక్షవాతం వచ్చినవాళ్ళకి నా గోడ మీద ఉంది.

ఇక నడుము నొప్పి. ఈ పేషెంట్లే మన అద్దె కడతారు కాబట్టి శ్రద్ధగా విను.

బొగ్గు బండ్లు నడిపే ఒక లోకో పైలట్ వచ్చాడు. ఎడమ పిక్క దాకా పోటు. చంకలో ఎమ్మారై ఫిల్మ్. బల్ల ఎక్కకముందే ఫిల్మ్ వెలుతురుకి పట్టి, "మేడమ్, డిస్క్ బయటికొచ్చేసిందట, నా ఉద్యోగం అయిపోయినట్టే" అన్నాడు. ఆ ఫిల్మ్ పక్కన పెట్టించడమే మొదటి చికిత్స. 2015లో అమెరికన్ న్యూరోరేడియాలజీ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లు పోగేసి చూస్తే ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 మందికి. ఫిల్మ్‌లో కనబడిందంతా నొప్పికి కారణం కాదు. అలాగని ఫిల్మ్ పనికిరాదనీ కాదు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామం ఊసెత్తకు, అప్పటికప్పుడు ఆస్పత్రికి పంపు. ఈ మూడూ అడక్కుండా నడుము మీద చెయ్యి వేయకూడదు.

ఇతనికి అవేవీ లేవు. బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద లేపి, ఆ తర్వాత చేతులు చాచి ఛాతీ ఎత్తించాను, నడుము వదులుగా బల్ల మీదే ఉండేలా. పది సార్లు చేశాక పోటు పిక్క నుంచి తొడ దాకా వచ్చింది. మర్నాడు ముఖం మాడ్చుకుని వచ్చాడు. "కాలు నొప్పి తగ్గింది గానీ నడుములో ఎక్కువైంది" అన్నాడు. ఆ మాట వింటే నీకు ఆనందం కలగాలి. నొప్పి దూరం నుంచి వెన్ను దగ్గరికి చేరుతోందంటే దారి సరైనదే. ముందే చెప్పి ఉంచకపోతే మాత్రం పేషెంటు రెండో రోజే పారిపోతాడు.

ఈ పద్ధతిని కనిపెట్టింది న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ. 1956లో వెల్లింగ్‌టన్‌లో కాలు దాకా నొప్పి ఉన్న ఒక పేషెంటు ఆయన క్లినిక్‌లో గదిలోకి వెళ్ళి, తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద అలాగే బోర్లా పడుకున్నాడు. మెకెంజీ కొంచెం ఆలస్యంగా వచ్చి, వెన్ను వెనక్కి వంగిపోయి ఉన్న ఆ మనిషిని చూసి గాభరాపడ్డాడు. ఆ మనిషేమో ఇన్ని వారాల్లో ఇంత సుఖంగా లేనన్నాడు. ఇంకొకరైతే బల్ల సరిచేసి ఊరుకునేవారు. మెకెంజీ ఇంకో పేషెంటుని అలాగే పడుకోబెట్టి చూశాడు. మన పనిలో కళ్ళు తెరిచి ఉంచుకోవడం అంటే అదే. అందరికీ వెనక్కి వంగడమే మందనుకోకు సుమా. పెద్ద వయసులో నరాల దారి ఇరుకై, నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే తగ్గేవాళ్ళకి అదే వ్యాయామం నొప్పి పెంచుతుంది. వాళ్ళని ముందుకి వంచాలి.

లోకో పైలట్ ఫిట్ తీసుకుని బండెక్కాడు. సిగ్నల్ దగ్గర బండి ఆగిన ప్రతిసారీ లేచి నిలబడి నడుము మీద చేతులు వేసి వెనక్కి వంగమన్నాను. "నా అసిస్టెంటు కూడా వంగుతున్నాడు మేడమ్, వాడికి నొప్పే లేదు" అని ఫోను చేశాడు.

కీమేను చీలమండ సంగతి వేరు. రోజూ సుత్తి, స్పానరు భుజాన వేసుకుని తన బీటంతా నడవాలి. వదులైన పాండ్రోల్ క్లిప్పు కనబడితే కొట్టి బిగించాలి. నేల చదునుగా ఉండదు, అడుగు సొంత అడుగు కాదు. కిలోమీటరుకి 1660 స్లీపర్లు వేస్తారు, అంటే రెండు స్లీపర్ల మధ్య సుమారు 60 సెంటీమీటర్లు. పొడుగు మనిషికి కురచ, పొట్టి మనిషికి సాగదీత. తప్పి పక్కన అడుగేస్తే కింద గిట్టీ, అంటే కంకర రాళ్ళు. బెణికిన చీలమండకి క్లినిక్ నున్నటి టైల్సు మీద నడక నేర్పి ఫిట్‌కి పంపితే నెల తిరక్కుండా మళ్ళీ బెణుకుతో వస్తాడు. మా నాన్న ఒకరోజు క్లినిక్‌కి వచ్చి ఒక కీమేను నడక చూసి, "ఇక్కడ బాగానే నడుస్తాడమ్మా, ఇక్కడ రైలు పట్టా ఏదీ?" అన్నారు. ఆ సాయంత్రమే వరండాలో సుద్దముక్కతో 60 సెంటీమీటర్లకో గీత గీశాం. ఇనుప ట్రేలో గిట్టీ పోశాం. ముందు చెప్పులు లేకుండా ఒంటికాలి మీద నేల మీద, తర్వాత మెత్తటి దిండు మీద, ఆ తర్వాత బూట్లతో గిట్టీ మీద, చివరికి భుజాన సుత్తితో, చూపు ముందుకి పెట్టి. ఆఖరి మెట్టులో నేను వెనకనుంచి పిలుస్తాను. లైను మీద ఉన్నవాడు వెనక్కి తిరిగి చూడాలి కదా, బండి రావచ్చు. తల తిప్పినా చీలమండ తొణకకపోతే అప్పుడు ఫిట్.

మిషన్ల మాట కూడా చెప్పాలి. మన దగ్గర ఐఎఫ్‌టీ, టెన్స్, అల్ట్రాసౌండ్ అన్నీ ఉన్నాయి. మా కాలనీ పిన్నులు బల్ల మీద కూర్చుని, "ఏటమ్మా, మిషను ఎట్టవేటి? ఊరికే కాళ్ళు ఆడించమంటే ఇంటికాడ ఆడించుకోనా!" అంటారు. పెడతాను. నొప్పి కాసేపు మందగిస్తే ఆ వ్యవధిలో వ్యాయామం చేయించుకోవచ్చు. అంతవరకే దాని పని. వైర్లు తగిలించి, గంట కొట్టాక విప్పి, డబ్బు తీసుకుని పంపేసే దుకాణాలు చాలా ఉన్నాయి. వాటికి జనం ఎక్కువ. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మిషనంటేనే నమ్మకం ఉన్నవాళ్ళకి నేనొక మిషను చూపిస్తాను. పాత బీపీ మిషను. అరిగిన మోకాలుకి తొడ ముందు కండ బిగించడం నేర్పాలి. మోకాలు కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కమంటే నొక్కుతున్నారో పిరుదు ఎత్తుతున్నారో వాళ్ళకే తెలియదు. తువ్వాలు తీసేసి బీపీ పట్టీని మడిచి మోకాలు కింద పెట్టు. ముల్లు 40 దగ్గరికి వచ్చేదాకా గాలి కొట్టి మర బిగించు. డయల్ వాళ్ళ చేతికే ఇవ్వు. ఇప్పుడు మోకాలితో పట్టీని నొక్కమను. ముల్లు 60కి పోతుంది. అక్కడే అయిదు లెక్కపెట్టేదాకా నిలపమను. నిలపలేరు, ముల్లు వణికి జారుతుంది. నీ చెయ్యి తొడ మీద వేసి చూడు, మోకాలు చిప్పకి పైన లోపలివైపు కండ కదిలిందా? రెండో వారంలో ముల్లు 80 చేరినప్పుడు ఒక పిన్ని మొహం చూడాలి. "నేను ఎనభై కొట్టాను" అని కింద మందుల షాపులో చెప్పి వెళ్ళింది. ఈ చిట్కా నాది కాదు, రైల్వే ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నేర్పారు. ఆయనకి మిషన్లు కొనే బడ్జెట్ ఎప్పుడూ రాలేదట, అందుకే బుర్ర పనిచేసిందనేవారు.

పక్షవాతం కేసుల్లో ఇంట్లోవాళ్ళు ప్రేమతో చేసే పొరపాట్లు రెండు. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపడం ఒకటి. భుజాన్ని పట్టి ఉంచే కండలు అప్పుడు పని చేయవు, ఎముక గూట్లోంచి జారి కిందికి వేలాడుతుంది, దాని నొప్పి చెయ్యి రాకపోవడం కంటే ఘోరం. భుజం వెనక చెయ్యి వేసి లేపాలని కొడుక్కీ కోడలికీ నీ కళ్ళ ముందు చేయించి చూపించు. రెండోది రబ్బరు బంతి. అందరూ కొనిచ్చేస్తారు, రోజంతా పిసుకుతుంటారు. ముడుచుకోవడం ఆ చేతికి ఎలాగూ వచ్చేస్తోంది. వేళ్ళు విప్పడం కదా నేర్పాల్సింది!

నాకు పేరు తెచ్చిన మొదటి కేసు ఒక రిటైర్డ్ గార్డుగారిది. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ ఆయన గార్డుగానే దిగారు, గార్డుగానే ఉన్నారు. కుడి పక్క పడిపోయింది. నడక కర్రతో వచ్చేసింది, చెయ్యి రాలేదు. రంధ్రాల చెక్కలో పుల్లలు గుచ్చమని ముందు పెడితే పుల్లలు నేలకి తోసేశారు. "ఏటమ్మా, నన్ను బాలవాడిలో కూకోబెట్టినావేటి?" అన్నారు. భార్య తల దించుకున్నారు. ఆయన డ్యూటీ ఏమిటో నాకు తెలుసు, దాన్ని వాడుకోవడమే ఆలస్యమైంది. "మావయ్యా, ఆల్‌రైట్ ఎలా ఇస్తారో చూపించండి" అన్నాను. మర్నాడు అత్తయ్య ట్రంకు పెట్టె వెతికి ఆకుపచ్చ జెండా, ఎర్ర జెండా తెచ్చారు. కర్రకి చుట్టిన జెండా విప్పాలంటే మణికట్టు తిరగాలి, వేళ్ళు విడివిడిగా కదలాలి. ఊపాలంటే మణికట్టు వెనక్కి లేవాలి, భుజం పక్కకి ఎత్తాలి. పుల్లలతో నేను చేయించాలనుకున్నదంతా ఆ జెండాలో ఉంది. మొదటి రోజు జెండా చేతిలోంచి జారిపోయింది. కర్రకి గుడ్డ చుట్టి లావు చేశాం. ఎడమ చెయ్యి సాయానికి రాకుండా దానికి మేజోడు తొడిగాం.

మంచి చేతిని కట్టేసి చచ్చుబడిన చేతికి పని చెప్పడం నా తెలివి కాదు. ఎడ్వర్డ్ తౌబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దారి వేశాడు. 2006లో 222 మంది పేషెంట్ల మీద జరిగిన పెద్ద పరీక్షలో అది పనిచేస్తుందని తేలింది. ఒక షరతు గుర్తుంచుకో. మణికట్టులో, వేళ్ళలో విప్పే కదలిక కొంచెమైనా మిగిలి ఉండాలి. అసలేమీ లేని చేతిని కష్టపెడితే ఆ మనిషి ఏడుస్తాడు తప్ప ఫలితం ఉండదు. గార్డుగారికి ఆ కొంచెం ఉంది. మూడో నెలలో కిటికీ దగ్గర నిలబడి కింద వీధిలో ఆటోవాడికి జెండా ఊపారు, వాడు నిజంగానే బండి కదిలించాడు. మెడ దగ్గరి గుండీ మాత్రం చివరిదాకా రాలేదు, అది అత్తయ్యే పెట్టేవారు. పూర్తిగా నయం చేశానని ఎక్కడా చెప్పుకోకు.

ఛత్తీస్‌గఢ్‌లో పని చేస్తున్నావు కనుక సికిల్ గురించి తెలియాలి. విశాఖలో నేను పుస్తకంలో ఒక పేరాగా చదివాను, ఇక్కడికొచ్చాక వారం వారం చూస్తున్నాను. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలకి రక్తం అందక భరించలేని పోట్లు వస్తాయి. 2023 జూలై 1న దేశం మొత్తానికి సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది షహడోల్‌లో, అంటే మన కట్నీ లైనులోనే. మనకి దగ్గర్లో గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ డాక్టర్లు పల్లెల్లో ఈ జబ్బుని ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు.

కుర్రాడు కుంటుతూ వచ్చి "మాడీ పిరాథే", మోకాలు నొప్పి అంటాడు. మోకాలు నొక్కితే ఏమీ ఉండదు. వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పి చూడు, గిలగిల్లాడతాడు. తొడ ఎముక తలకి రక్తం ఆగి ఎముక చితికిపోతుంటే నొప్పి మోకాల్లో కనబడుతుంది. సికిల్ పరీక్ష అయిందా అని అడుగు, ఎక్స్‌రేకి, ఎముకల డాక్టరు దగ్గరికి పంపు. కర్ర ఇవ్వాల్సొస్తే నొప్పి లేని వైపు చేతికివ్వు. అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు. ఎదుటి చేత్తో పట్టుకుంటేనే తుంటి మీద భారం తగ్గేది.

ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన ఒక పిల్ల ఇలాంటి కుర్రాడి వాచిన మోకాలుకి ఐస్ ప్యాక్ తెచ్చింది. బెణుకుకి నేర్పినట్టే, పాపం. మా క్లినిక్ ఊడ్చే దీదీ చీపురు వదిలేసి వచ్చి, "బరఫ్ ఝన్ రఖ్ బేటీ" అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ అక్క కొడుక్కి ఉందా జబ్బు. చలి తగిలితే నాళాలు ఇంకా ముడుచుకుని పోట్లు మొదలవుతాయి. అందుకే వీళ్ళకి వెచ్చదనం, నీళ్ళు బాగా తాగడం, ఆయాసపడకుండా ఆగి ఆగి చేసే వ్యాయామం. ఆ రోజు నుంచి రిజిస్టరులో సికిల్ ఉందా అనే గడి పెట్టాం. ఆ గడి దీదీ పెట్టించిందే.

భుజం బిగుసుకుపోవడం గురించి నవ్వుకుంటూ చెబుతాను. షుగర్ ఉన్న ఆడవాళ్ళకి ఎక్కువ. కొప్పు ముడి వేసుకోలేరు, జాకెట్టు హుక్కు అందదు. ఏడాది, రెండేళ్ళు దాని దారిన అది నడిచి వదులుతుంది. మనం చేయగలిగింది ఆ దారిలో నొప్పి తగ్గించి, కదలిక ఎక్కువ పోకుండా చూడటం. మొదటి నెలల్లో గట్టిగా లాగావో, రాత్రి నిద్ర పోగొట్టిన పాపం నీదే. కష్టమంతా నువ్వు పడ్డాక తొమ్మిదో నెలలో విసుగొచ్చి ఇంకో క్లినిక్‌కి వెళతారు. అక్కడ పదో నెలలో చెయ్యి పైకి లేస్తుంది. మిఠాయి డబ్బా ఆ క్లినిక్‌కి వెళుతుంది. వేరే క్లినిక్‌లో తొమ్మిది నెలలు చూపించుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళ మిఠాయి నేనూ తిన్నాను, లెక్క సరిపోయింది.

ఇంటికి ఇచ్చే కాగితం మీద మూడు వ్యాయామాలకి మించి రాయకు. హిందీ చదివేవాళ్ళకి హిందీలో, మన పెద్దవాళ్ళకి తెలుగులో, చదువు రానివాళ్ళకి బొమ్మ గీసి. రోజుకి మూడుసార్లు అని రాస్తే ఎవరూ చేయరు. పొద్దున్న టీ మరిగేలోపు, సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడు, రాత్రి దోమతెర కట్టాక అని రాయి. మళ్ళీ వచ్చినప్పుడు చేశారా అని అడగొద్దు, చేయనివాళ్ళు కూడా చేశామనే అంటారు. చేసి చూపించమను. చేసినవాళ్ళు బల్ల ఎక్కి మొదలుపెట్టేస్తారు. చేయనివాళ్ళు ముందు ఆ కాగితం కోసం జేబులు తడుముకుంటారు.